యాభయ్యవ కవర్ దినం

గుడ్డ కవరు ఎత్తి మౌక్తిక చూసేసరికి, ఆ సాయంత్రం నిండు సభలో మోగాల్సిన టైపురైటరును ఎవరో విరగ్గొట్టేశారు.

అక్షరాలు మోసే ఇనప కమ్మీలు వంగి, మెలితిరిగి, ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయాయి. ఒక మీట నొక్కింది. కదల్లేదు. ఇంకోటి నొక్కింది. గుత్తి మొత్తం ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. కవరు మాత్రం ఎక్కడా నలగలేదు. ఆమె విప్పేదాకా నాడాలు పొందికగా ముడివేసే ఉన్నాయి.

"రోజా!"

పక్కగదిలో కుర్చీలు తుడుస్తున్న రోజా గుడ్డ చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. ఆ ఆఫీసు తెరవడం, మూయడం, చూసుకోవడం అంతా ఆమె పనే.

"ఓలమ్మో! ఇదేటిది? ఎలకలు కొరికీసినాయేటి?"

"ఇనుము కొరికే ఎలకలా?"

"ఈ బిల్డింగు ఎలకల్ని మీరు చూణ్ణేదు."

మౌక్తికకు నవ్వు రాలేదు. చేతిలో ఫోను వణికింది. న్యూ టౌన్ ఆఫీసు నుంచి ఆమె బాస్. ఫ్లైటు మార్చాలట, పొద్దుటి నుంచి ఇది రెండోసారి. "చేస్తాను సార్" అని పెట్టేసింది. సెలవు పెట్టినా సెక్రటరీకి సెలవుండదు.

నాలుగింటికి సభ. కలకత్తా స్టెనో-సెక్రటరీల సంఘానికి యాభై ఏళ్లు. డల్హౌసీ వెనక సందులో, మొరాయించే లిఫ్టు ఉన్న పాత మేడలో రెండు గదులు ఆ సంఘం ఆఫీసు. కమిటీలో అందరికంటే చిన్నది మౌక్తిక. గుంటూరు నుంచి వచ్చి రెండేళ్లయింది. సంఘం చరిత్రను గోడల మీద బోర్డులుగా పెట్టే పని ఆమెకు అప్పగించారు. ఆ చరిత్రంతా ఈ టైపురైటరు దగ్గరే మొదలైంది.

అప్పట్లో ఇదే వీధిలోని ఒక కంపెనీలో ఒక పెద్దసారు ఉత్తరం చెప్పి రాయిస్తూ ఓడ పేరు తప్పు చెప్పాడు. సరుకు దారి తప్పింది. "స్టెనో తప్పు విన్నది" అన్నాడాయన. ఆ స్టెనో మెటియాబ్రుజ్ రేవు కూలీ కూతురు, అప్పలలక్ష్మి. మధ్యాహ్నానికి ఆమెను పంపించేశారు. ఆమె సంచి సర్దుకుంటూ ఉండగా పక్క సీటు గోవిందరాజు తన మిషనుకు కవరు కట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అతన్ని చూసి వెనక సీటు. తర్వాత ఆ వరస. తర్వాత పై అంతస్తు. రోజంతా టకటకలాడే మేడ అలా మూగబోతుంటే కింద ట్రాములో వెళ్లేవాళ్లు తలెత్తి చూశారట. సాయంత్రానికి అప్పలలక్ష్మిని వెనక్కి పిలిచారు. ఆ వారంలోనే సంఘం పుట్టింది.

ఏటా అదే రోజు కవర్ దినం. గోవిందరాజు ఆనాటి మిషను మీది కవరును అప్పలలక్ష్మి తీస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. ఈసారి యాభయ్యవది కాబట్టి కవరు తీయడంతో ఆగకూడదని కార్యదర్శి రఘురాం పట్టుబట్టాడు. నగరంలో అందరికంటే వేగంగా కొట్టిన అప్పలలక్ష్మి చేతులు మళ్లీ ఒక పేజీ కొట్టాలి. వీడియో తీసేవాళ్లను కూడా మాట్లాడాడు.

*

రఘురాం పూరీ రైలు దిగి పెట్టెతో సహా నేరుగా వచ్చాడు. మిషను చూశాడు. తర్వాత తలుపు తాళం చూశాడు. కిటికీ గడియలు లాగి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"నిన్న ఆఖర్న మూసిందెవరు?"

"నానే, దాదా." అన్నను రోజా బెంగాలీల్లా దాదా అంటుంది.

"తాళంచెవి?"

"నా కాడే. మీకాడొకటి, తాతకాడొకటి."

తాత అంటే గోవిందరాజు. రోజూ సాయంత్రం పేపరు చదువుకోవడానికి వస్తాడు కాబట్టి ఆయనకొక తాళంచెవి ఇచ్చారు.

"నేను పూరీలో ఉన్నాను. గోవిందరాజుగారి మిషను అది. తన మిషను తనే విరగ్గొట్టుకుంటారా?" రఘురాం గొంతు పెరిగింది. "పోయిన వారం నువ్వేమన్నావు? ఈ ఇనపముక్కని పాత సామాన్ల వాడికిచ్చీసినా నాకు దుమ్ము దులిపే పని తప్పుతాదని అనలేదూ?"

"అది పరాచికం, దాదా! పరాచికానికి కూడా సాక్షాలు పట్టీసుకున్నారేటి?"

"నాలుగింటికి అందరూ వస్తారు. ఎవరు చేశారో అప్పటికి తేలకపోతే నేను సభలో నీ పేరు చెప్పాల్సి వస్తుంది."

సోమవారం రోజాకొక ఇంటర్వ్యూ ఉంది, ఒక ఆఫీసులో రిసెప్షన్ ఉద్యోగానికి. నాన్న రిటైరవగానే వాళ్లుంటున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ ఖాళీ చేయాలి. ఇంట్లో సంపాదించేది ఇక ఆమె ఒక్కతే. ఈ సభకు వచ్చేవాళ్లంతా ఒక్కో పెద్ద ఆఫీసులో బాసు గది తలుపు ముందు కూర్చునే సెక్రటరీలు. వాళ్ల చెవిన ఒక మాట పడితే ఊళ్లో ఏ తలుపూ ఆమెకు తెరుచుకోదు.

"రఘురాంగారూ, కాస్త ఆగండి" అంది మౌక్తిక. "నాకు సమయమివ్వండి."

"నీకేం తెలుసని?"

"ఏమీ తెలీదు. అందుకే అడుగుతున్నా."

అప్పుడే గోవిందరాజు మెట్లెక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. సీటులో ఉన్నన్నాళ్లూ ఎలా వచ్చేవాడో ఇప్పటికీ అలాగే వస్తాడు. మౌక్తిక కవరు ఎత్తి చూపించింది. ఆయన ఒక్క చూపు చూసి కిటికీ వైపు తిరిగాడు.

"అయ్యో" అన్నాడు. "సభలో కవరు తీయడంతో సరిపెట్టండి. టైపింగు వద్దు. ఆ పిల్లనేం అనకు, రఘురాం."

"మరెవర్ని అనమంటారు?"

గోవిందరాజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన ఎదుట గోడ మీద సంఘం పుట్టిన వారం రాయించిన పలక ఉంది. దాని మీద రెండే వాక్యాలు. సీటులో విన్నది సీటులోనే. ఒకరి తప్పు ఇంకొకరి మెడకు వద్దు. రోజా తెచ్చిన టీ ఆయన చేతిలోనే చల్లారిపోయింది.

*

మౌక్తిక కూర్చోలేకపోయింది. బోర్డులు మేకులకు తగిలించింది, దించింది, మళ్లీ తగిలించింది. ఫ్యాను గిర్రున తిరుగుతున్నా చొక్కా వీపుకి అంటుకుపోతోంది. కింద హారన్లు. పక్కగదిలో రోజా ముక్కు చీదుతోంది, మధ్యలో కుర్చీలు సర్దుతోంది, ఏడుస్తూ కూడా పని ఆపలేదు. ఫోను మళ్లీ మోగింది. బాస్‌కి ముందు బుక్ చేసిన ఫ్లైటే మళ్లీ కావాలట.

అది కట్ చేస్తుంటే గుర్తొచ్చింది. నిన్న బోర్డుల కోసం ఈ గదిని వీడియో తీసింది. అందులో ఒక మూల రోజా మిషను తుడిచి కవరు వేయడం కూడా పడింది.

తెరిచి చూసింది. రోజా బండను, అంటే కాగితం మోస్తూ అటూ ఇటూ జరిగే పైభాగాన్ని, కుడి చివరికి నెట్టి తుడిచింది. అలాగే వదిలేసి కవరు కప్పింది.

మౌక్తిక మిషను దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు బండ సరిగ్గా మధ్యలో ఉంది. పక్కన ఒక చిన్న మీట ముందుకు లాగి ఉంది. వీడియోలో అది వెనక్కి ఉంది.

విరగ్గొట్టినవాడు బండను ఎందుకు జరిపాడు? ఆ మీటతో వాడికేం పని?

"రఘురాంగారూ, ఈ మీటేమిటి?"

"నన్నడిగితే? నేను నేర్చుకున్నది కంప్యూటరు మీద."

గోవిందరాజును అడుగుదామని తిరిగింది. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడు. లిఫ్టు మళ్లీ మొరాయించినట్టుంది. ఆయనే కిందకు వెళ్లి, అప్పలలక్ష్మిని ఒక్కో మెట్టే ఎక్కించుకుంటూ తీసుకొస్తున్నాడు.

"నాలుగంటే మూడుకే దించీసినాడు ఆ టాక్సీవోడు" అందామె ఆయాసపడుతూ. నేత చీర, భుజాల చుట్టూ పల్చటి శాలువా. ఆ ఉక్కలో కూడా చేతులు శాలువాలోనే ఉన్నాయి. "ఏటి మీ మొకాలు? ఎవులు పోనారు?"

సంఘంలో చిన్నవాళ్లకి ఆమె లక్ష్మీదీ, అంటే లక్ష్మక్క. రోజాయే ముందు చెప్పింది. "మిషను ఇరగ్గొట్టీసినారు, లక్ష్మీదీ. నానే సేసినానంటన్నారు."

అప్పలలక్ష్మి వచ్చి మిషను ముందు నిలబడింది. వంగి కమ్మీలను చూసింది. బండను చూసింది. మీటను చూసింది. ఉన్నట్టుండి పెద్దగా నవ్వింది.

"ఇంత ఇరగ్గొట్టినోడు, రోలరు సొట్టపోద్దని మీట లాగినాడేటి!"

"ఆ మీట దేనికి, లక్ష్మీదీ?" అడిగింది మౌక్తిక.

"కాయితం పట్టు వొదిలించడానికి. కిదిర్‌పూర్ టైపు ఇనిస్టూట్‌లో మా మేష్టారు సేతి ఏళ్ల మీద కొట్టి నేర్పినాడు. కవరు కట్టే ముందర బండ మజ్జికి తేవాల, ఈ మీట ముందుకి లాగాల. లేకపోతే తెల్లార్లూ నొక్కుకుని రోలరు పాడైపోద్ది. అలగ సెయ్యకుండా సీటు లేసినోల్ని ఆయన ఇంటికి పోనిచ్చీవోడు కాదు."

"ఇప్పుడు ఎవరికి తెలుసు అది?"

"మిషను మీద నేర్సుకున్నోలకి. సేతులకి ఆటంతట అయే తెలుసు. మనం సెప్పక్కర్నేదు."

మౌక్తిక రోజాను చూసింది. రోజాకి తెలీదు, వీడియోలో ఉంది. రఘురాంకి తెలీదు. తాళంచెవి ఉన్నవాళ్లలో ఇక మిగిలింది ఒక్కరే. ఆ ఒక్కరి వైపు చూడటానికి ఆమెకు మెడ తిరగలేదు.

అప్పలలక్ష్మి నవ్వు కూడా ఆగిపోయింది. వెనక్కి తిరక్కుండానే పిలిచింది.

"రాజూ."

"అప్పా" అన్నాడు గోవిందరాజు. శ్రీకాకుళం వైపు అక్కను అలాగే పిలుస్తారు. పక్క సీటులో కూర్చున్న మొదటి రోజు నుంచీ ఆయన ఆమెను అలాగే పిలుస్తున్నాడు.

"నువ్వేనేటి?"

ఆయన చూపు ఆమె శాలువా మీదే ఉంది.

రఘురాం అడుగు ముందుకు వేశాడు. "అసలు ఏం జరుగుతోందిక్కడ? గోవిందరాజుగారూ, మీరా?"

"నువ్వు ఉండు, బాబూ." అప్పలలక్ష్మి శాలువా తీసి కుర్చీ మీద వేసింది. రెండు చేతులూ బయటికి తెచ్చి మిషను మీటల మీద ఉంచింది. వేళ్లు వణుకుతున్నాయి. కొంచెం కాదు. గాలికి ఊగే తీగలా వణికిపోతున్నాయి. విరిగిన కమ్మీలు వాటి కింద సన్నగా గలగలలాడాయి.

"సూసినారు కదా. గ్లాసు పట్టుకోనేను. నాలుగింటికి అందరి ముందూ ఏటి సేద్దునో నాకే తెల్దు. ఒప్పీసుకున్నాను, పొగరు. నా సేతుల మాట నాను సెప్పీసినాను, రాజూ. ఇంకా దాసడానికి ఏటీ నేదు. నువ్వు సేసింది నువ్వు సెప్పు. ఆ గుంట రోజా ఏడుస్తంది."

మౌక్తిక ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఆమె చూడను కూడా లేదు. మోగి మోగి ఆగిపోయింది.

గోవిందరాజు వచ్చి తన పాత మిషను పక్కన నిలబడ్డాడు. జేబులో పెన్ను తీసి రఘురాం చేతిలో పెట్టాడు.

"రాసుకో, రఘురాం. బతుకంతా ఇంకొకరు చెప్పింది నేను రాశాను. ఇవాళ నేను చెబుతాను, నువ్వు రాయి. నిన్న సాయంత్రం రోజా వెళ్లాక నేను తాళం తీసుకుని వచ్చాను. కిటికీ పక్క కూర్చుని రోజూలాగే పేపరు చదవబోయాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. పోయిన నెల మెటియాబ్రుజ్‌లో అప్ప ఇంట్లో ఆమె చేతిలో టీ గ్లాసు నా కళ్లముందే జారిపోయింది. ఎవరికీ చెప్పకు అంది. చెప్పను అన్నాను. ఆ తర్వాత నువ్వు వీడియో వాళ్లని మాట్లాడావు. వద్దు అని నీకు మూడు రకాలుగా చెప్పి చూశాను. ఎందుకు వద్దో చెప్పలేను కదా, నువ్వు వినలేదు. యాభై ఏళ్ల కిందట అప్పను 'తప్పు విన్నది' అన్నారు. ఇవాళ నిండు సభలో తప్పు కొడితే, ఆ మాటే నిజమయిందని నవ్వుకునేవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. అందుకని వచ్చేటప్పుడే ఇంట్లో నుంచి స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాను. ఒక్కో కమ్మీ వంచుతుంటే నా చేత్తో నా వేళ్లు విరుచుకున్నట్టే ఉంది. అయ్యాక బండ మధ్యకి తెచ్చి, మీట లాగి, కవరు కట్టి ఇంటికి పోయాను. అలా చేశానని నాకు ఇప్పటివరకూ తెలీదు. పొద్దున్న నువ్వు రోజాని అన్నప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే అప్ప మాట బయటపడుతుంది, చెప్పకపోతే ఈ పిల్ల పోతుంది. ఆ పలక మీద రెండు మాటలూ రాయించింది మేమే. అవి రెండూ ఒకనాడు ఎదురెదురుగా నిలబడతాయని అనుకోలేదు. ఆ పెద్దసారు తన తప్పుని ఇంకొకరి మీదికి తోసి ఎలా కూర్చున్నాడో, పొద్దుటి నుంచి నేనూ ఈ కుర్చీలో అలాగే కూర్చున్నాను. రాశావా? రోజా తలుపుకి తాళం వేసింది. ఆమె చేసింది అంతే. మిషను విరిచింది గోవిందరాజు. కింద నా పేరు నువ్వు రాయొద్దు, ఇటివ్వు, సంతకం నేనే పెడతాను. నాలుగింటికి ఇది చదవండి."