అనుభవం సున్నా

"కీబోర్డు మీద ఈ పసుపేంటి?" అన్నాడు భవానీప్రసాద్, గోరుతో గీకి చూస్తూ.

పప్పులో పసుపు వేసి అదే చేత్తో వచ్చి కూర్చున్న ఉషశ్రీ గబగబా కొంగుతో తుడిచేసింది. తొమ్మిదేళ్లుగా ఆ మీటలకు పసుపు అంటుకుంటూనే ఉంది. అది భర్త కంట ఇవాళే పడిందంటే, ఆ కుర్చీలోకి ఇంకెవరో రాబోతున్నారని అర్థం.

రాబోతున్న మాట నిజమే. జగ్గయ్యపేటలో సిమెంటు ఫ్యాక్టరీలకు సంచులు నేసే వాళ్ల చిన్న కంపెనీ, 2006లో రెండో షెడ్డు వేసింది. ఆఫీసు ఇన్‌చార్జి కావాలని పేపర్లో ప్రకటన ఇస్తే నూట పన్నెండు దరఖాస్తులు వచ్చి పడ్డాయి. వాటిని వడగట్టడానికి భవానీప్రసాద్ విజయవాడ నుంచి ఓ సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. చదువు, వయసు, అనుభవం ఎక్కిస్తే చాలు, అదే మార్కులు వేసి, నలభై మార్కులు దాటని వాళ్లను పక్కకు తోసేస్తుంది. ఎక్కించే చాకిరీ మాత్రం ఉషశ్రీదే.

అసలు ఆ ఉద్యోగం ఇన్నాళ్లూ చేస్తున్నది తనే. ఆర్డర్లు, బిల్లులు, లారీ డ్రైవర్ల ఫోన్లు, అన్నీ ఇంటి ముందుగదే ఆఫీసుగా, కుక్కర్ కూతల మధ్య నెట్టుకొచ్చినవే. "మా కోడలికి కంప్యూటరొచ్చు" అని మామగారు పుల్లయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు, ఇంట్లోకి కొత్త ఫ్రిజ్ కొన్నట్టు. అత్తగారు పుష్పవతి మాత్రం, "కూర్చుని టకటకలాడించడమేగా, అదీ ఓ పనేనా" అనేది. భర్త ఏమీ అనేవాడు కాదు. ఆ అనకపోవడమే ఎక్కువ బాధగా ఉండేది. ప్రకటన వేసిన రోజు, ఆ పోస్టేదో నాకే ఇవ్వొచ్చుగా అని ధైర్యం చేసి అడిగింది. "పెళ్లానికిచ్చుకున్నాడంటారు. సాఫ్ట్‌వేరే తేలుస్తుంది. కావాలంటే నువ్వూ పెట్టుకో" అన్నాడు. ఆయన మాటవరసకే అన్నాడు. ఆమె మాత్రం పట్టుకుంది.

ఇవాళ, ఆయన షెడ్డు వైపు వెళ్లాక, తన పేరు ఎక్కించింది. బి.కాం., ఫస్ట్ క్లాస్. అనుభవం తొమ్మిదేళ్లు. ధ్రువపత్రం ఉందా అని అడిగింది తెర. లేదని నొక్కగానే తొమ్మిది ఉన్న గడిలో సున్నా పడింది. మొత్తం ముప్పై ఒకటి. పేరు ఎర్రబడి పక్కకు జరిగిపోయింది.

నిన్న నందిగామ అమ్మాయి ఆసిఫా పేరు కూడా ఇలాగే పోయింది. మేనమామ ఎరువుల కొట్లో ఆరేళ్లు పనిచేసిందట. 'ఇంట్లోవాళ్లు కాబట్టి సర్టిఫికెట్ ఇవ్వలేదండి' అని దరఖాస్తు అడుగున చేత్తో రాసుకుంది. అది చదివి, పాపం అనుకుని, ఉషశ్రీ తర్వాతి కాగితం తీసుకుంది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది.

సిగ్గు వెనకాలే కోపం వచ్చింది. ఈ కంపెనీ వదిలి వెళ్లిన ప్రతివాడికీ, వాచ్‌మన్ రత్తయ్యకు, మిషను మీద పనిచేసిన స్తెఫనుకు, ధ్రువపత్రం టైపు చేసింది తనే. 'నమ్మకంగా, కష్టపడి పనిచేశారు' అన్న వాక్యం తన సొంతం. భర్త ప్రతి సోమవారం విజయవాడ వెళ్లేముందు పది ఖాళీ లెటర్‌హెడ్ల మీద సంతకాలు పెట్టి సొరుగులో పడేస్తాడు, అవసరానికి వాడుకోమని. ఇంకా ఆరు మిగిలి ఉన్నాయి. ఒకటి ప్రింటరులో పెడితే నిమిషం పని. ఊరికే చూద్దామని, ధ్రువపత్రం ఉందని నొక్కింది. డెబ్బై నాలుగు. జాబితాలో అందరికంటే పైన తన పేరు.

సొరుగు తెరిచి సంతకం ఉన్న కాగితం తీసింది. తను పడిన కష్టానికి తనే దొంగచాటుగా సాక్ష్యం పుట్టించుకోవాలా? ఆ కాగితం లోపల పెట్టేసి, సంతకం లేనిదాని మీద తన పత్రం ప్రింటు తీసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, అత్తమామలు చూస్తుండగానే, భర్త కంచం పక్కన ఆ కాగితం పెట్టింది.

"ఏంటిది?"

"నా అనుభవ పత్రమండి. సంతకం పెట్టండి."

చదివి నవ్వాడు. "సాఫ్ట్‌వేర్ తీసేసిందా? దానికి నేనేం చేస్తా?"

"పత్రం లేకపోతే సున్నా వెయ్యమని దాన్లో పెట్టించింది మీరేగా."

నవ్వు ఆగిపోయింది. పుల్లయ్య పెరుగు గిన్నె దగ్గరకు లాక్కున్నాడు. "అన్నం దగ్గర ఈ గొడవేంటమ్మా" అంది పుష్పవతి.

"రేపు ఫ్యాక్టరీ వాళ్లొస్తున్నారు, ముందా కొటేషన్ సంగతి చూడు" అన్నాడు భవానీప్రసాద్, కాగితాన్ని పక్కకు నెడుతూ. "తొమ్మిదేళ్లని రాశావు. నువ్వు ఉద్యోగం చేసిందెప్పుడు?"

"చెయ్యలేదంటారా?"

"చెయ్యలేదుగా ఉషా."

నడుముకు దోపుకున్న ఆఫీసు తాళాలు తీసి ఆ కాగితం మీద పెట్టింది.

"సరేనండి. తొమ్మిదేళ్లుగా నేను చెయ్యని పని, రేపట్నుంచి మానేస్తున్నా."