ఆకు మార్చిన మరదలు

జూలో పురుగుల గది బోర్డు మీద అడవి చిమ్మట బొమ్మకు రంగులు వేసింది, అక్కడ బోర్డులు రాసే మరదలే. రెండు అరచేతులు పరిచినంత రెక్కలు, ఇటుక రంగు, రెక్క మధ్యలో అద్దంలాంటి మచ్చ, కొసన పాము తలలా ఒంపు. కింద ‘దీని గొంగళిపురుగు తినేవి: దాల్చిన, జామ, నేరేడు’ అని రాసిందీ ఆవిడే. పురుగుల గది చూసుకునే బావగారు ఆ బోర్డు చూసి మురిసిపోయాడు.

వేరే ఊళ్లో తన తల్లిని ఆసుపత్రిలో చేర్చారని బావగారికి కబురొచ్చింది. జూ నడిపే మేడం సెలవివ్వలేదు. తాళంచెవి మరదలి చేతిలో పెట్టి, మేడంకి చెప్పకుండా బయల్దేరాడు.

"లేత దాల్చిన ఆకే వెయ్యమ్మా. ఈ గొంగళిపురుగులు దానికే మరిగాయి, ఇంకోటి ముట్టవు. నేను లేనని మేడం చెవిన పడితే ఉద్యోగం ఊడుతుంది."

మొదట బాగానే వేసింది. తర్వాత వాన పట్టుకుంది. దాల్చిన చెట్టు తోట చివర బురదలో ఉంది, జామచెట్టు కిటికీ పక్కనే ఉంది. బోర్డులో జామ కూడా ఉందిగా, ఈయనదంతా చాదస్తం అనుకుని చేతికందిన ఆకులు తెంపి పడేసింది. పురుగులు తిండి ఎదురుగా పెట్టుకుని పస్తులుండి చచ్చాయి.

తిరిగొచ్చిన బావగారు పురుగుల పెట్టె తెరిచాడు. "ఆకు మార్చావా?"

"లేదు బావగారూ. వానకి జబ్బు చేసినట్టుంది."

ఎండిన జామాకులు ఆయన ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకున్నాడు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

ఇంతలో మేడం రానే వచ్చింది. పెట్టె మూలన ఆయన కంటపడని ఆకు ఆమెకు దొరికింది.

"జామాకు ఎవరు వేశారు?"

"నేనే మేడం. తింటాయనుకున్నాను," అన్నాడు బావగారు.

"ఇన్నేళ్లుగా పెంచుతున్నావు, ఆ మాత్రం తెలీదా? ఈ గది వదిలెయ్. రేపట్నించి గేటు దగ్గర టికెట్లు చింపు."

"అలాగే మేడం."

మరదలు నోరు తెరవబోయింది. నిజం చెబితే ఆయన ఊళ్లో లేడన్నది బయటపడుతుంది, ఉన్న ఉద్యోగం కాస్తా పోతుంది. ఆయన కోసమే ఊరుకుంటున్నానని సర్దిచెప్పుకుంది.

మేడం వెళ్లాక, తల వంచుకున్న మరదలికి బావగారు తన తువ్వాలు అందించాడు. "ఏడవకమ్మా. అమ్మకి తగ్గింది, నాకది చాలు."

ఆవిడ తువ్వాల్లో మొహం దాచుకుంది. కళ్లలో తడే లేదు. మేడం తనను అడక్కుండా వెళ్లిపోయిందన్న సంబరం ఇంకా మొహం మీదే ఉంది, అది ఆయన చూస్తాడని సిగ్గేసింది.