తీసుకున్నా, పెట్టేసినా

"తీసుకున్నా," అని కేక వేసింది కరుణాకుమారి, అన్నం డబ్బా మూత పెడుతూనే.

కృష్ణపట్నం రేవుకు దగ్గర్లోని ఆ ప్రైవేటు బొగ్గు యార్డు ఆఫీసులో ఈ కేక మామూలే. యార్డు లెక్కలన్నీ ఒకే డేటాబేస్‌లో ఉంటాయి. ఆ ఫైలు ఉండేది సూపరింటెండెంటు పద్మనాభయ్య కంప్యూటర్లో. మిగిలినవాళ్లు ఎవరి సీట్లోంచి వాళ్లు నెట్‌వర్క్ ద్వారా దాన్ని తెరుస్తారు. లారీల తూకాలు ఎక్కించేది కరుణాకుమారి. బొగ్గు మోసే బెల్టు దగ్గర పనికి దిగేవాళ్ల పర్మిట్లు ఎక్కించేది డెబోరా. యార్డు నడుమ, ఇనుప మెట్ల పైనున్న కంట్రోల్ గదిలో కూర్చునే సుబ్బు బెల్టు తిప్పేముందు అందులోనే చూసుకుంటాడు. ఎర్ర వరస ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు.

ఇద్దరు ఒకేసారి రాస్తే కంప్యూటర్లు బిగుసుకుపోయేవి. "ఎవురమ్మా తెరిచి పెట్టుకోనుండేది? మూయండి," అని పద్మనాభయ్య పొద్దస్తమానం గొంతు చించుకునేవాడు. చివరికి కరుణాకుమారే ఉపాయం కనిపెట్టింది. ఫైలును తన కంప్యూటర్లోకి కాపీ చేసుకుంటుంది. తాపీగా తూకాలు ఎక్కించి, మళ్లీ తీసుకెళ్లి పాతదాని మీద పెట్టేస్తుంది. తీసుకున్నప్పుడొక కేక, పెట్టేసినప్పుడొక కేక. ఆ రెండింటి మధ్య అందులో ఎవరూ ఏమీ రాయకూడదు, రాస్తే పాతదానితోపాటే పోతుంది. ఆఫీసు చల్లబడింది.

ఇదివరకు హాపర్లోకి, అంటే లారీలు బెల్టు మీదికి బొగ్గు కుమ్మరించే గరాటు గోతిలోకి, మనిషి దిగితే స్విచ్ గదికి తాళం వేసి తాళంచెవి అతని జేబులోనే వేసేవారు. డేటాబేస్ వచ్చాక ఆ పద్ధతి పోయింది.

ఇవాళ కేక వేసినప్పుడు డెబోరా కుర్చీ ఖాళీగా ఉంది. కరుణాకుమారి తలెత్తి చూడలేదు. బయట వాన వెలిసి లారీలు బారులు తీరాయి. ఆమె ముందు తూకం చీటీల కట్ట చేతిమందం ఉంది.

కాసేపటికి కిటికీ దగ్గర పెంచలకృష్ణ గొంతు వినబడింది. హాపర్ శుభ్రం చేసే మనిషి.

"తడి బొగ్గు బిగుసుకోనింది పాపా. దిగి పొడిచొస్తా. పేరు సరిగ్గా కొట్టు, పోయినసారి నన్ను ఆడమనిషిని చేసినావు."

"కొట్టినాలే అన్నా. ఇదో, ఎర్రగా వచ్చింది, చూసుకో," అంది సీట్లోకి తిరిగొచ్చిన డెబోరా.

"ఆ సుబ్బుగాడికి చెయ్యి ఊరుకోదు. ఎర్రగా చూడందే నేను దిగను తల్లీ."

నవ్వులు వినిపించాయి. కరుణాకుమారి కూడా చీటీల మీంచి చూపు తిప్పకుండానే నవ్వింది. మాటలు చెవిన పడ్డాయి గానీ, మనసు తూకాల మీద ఉంది.

ఆఖరి చీటీ అయింది. పాతదాని మీద పెట్టమంటావా అని కంప్యూటర్ అడిగింది. రోజూ అడిగేదే. పెట్టమంది.

"పెట్టేసినా."

డెబోరా తల తిప్పింది. "ఎప్పుడు తీసుకున్నావక్కా?"

"అన్నం తిన్నాక. ఏం?"

"అప్పుడు నేను బయటున్నా గదా... మధ్యలో పెంచలకృష్ణన్న పర్మిట్ ఎక్కించినానే."

కరుణాకుమారి గబుక్కున కుర్చీ ముందుకు లాక్కుంది. ఫైలు తెరిచింది. పైనుంచి కిందిదాకా చూసింది. ఎక్కడా ఎర్ర వరస లేదు.

అప్పుడే యార్డులో సైరన్ మొదలైంది. బెల్టు తిరగబోతోందని.

"సుబ్బుకు ఫోన్ చెయ్," అంటూనే ఆమె బయటికి పరిగెత్తింది. చెప్పులు బురదలో ఊడిపోయాయి. వెనక కిటికీలోంచి డెబోరా ఏడుపు గొంతు: "ఎత్తడం లేదక్కా." సైరన్ మోతలో సుబ్బుకు ఫోను ఎలా వినబడుతుంది? పైన అద్దాల వెనక అతని వీపు కనబడుతోంది. చున్నీ తీసి ఊపింది. అతను తిరగలేదు.

మెట్లు సగం ఎక్కేసరికి సైరన్ ఆగింది. కాళ్ల కింద ఇనుము వణకడం మొదలైంది.

తలుపు తోసుకుని లోపల పడింది.

"ఆపరా."

"ఏందక్కా? చూసే తిప్పినా, ఎవురూ లేరే..."

"పెంచలకృష్ణ లోపలుండాడు. ఆపు."

సుబ్బు బటన్ మీద గుద్దాడు. బొగ్గు బరువుతో బెల్టు వెంటనే ఆగలేదు. ఇంకొంచెం దూరం సాగి, అప్పుడు ఆగింది.

కింద మనుషులు హాపర్ వైపు పరిగెత్తారు. మొదట పేరు పెట్టి పిలిచారు. తర్వాత పిలవడం మానేశారు. పైనుంచి అది చూసిన కరుణాకుమారికి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

సాయంత్రం పద్మనాభయ్య తలుపు దగ్గరికి వేసి మెల్లగా మాట్లాడాడు.

"కంప్యూటర్లో పర్మిట్ లేదు. చెప్పకుండా దిగినాడు. పోలీసులకు అందరిదీ అదే మాట."

"నేను ఎక్కించినా సార్," అంది డెబోరా. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. "ఎక్కించినా అనే అనుకుంటుండా. సేవ్ చేసినానో లేదో..."

"చేసినావు," అంది కరుణాకుమారి. "ఆయనకు చూపించినావు కూడా. నేను విన్నా. దాన్ని తుడిచేసింది నేను."

"నీ మీదికి నువ్వే తెచ్చుకుంటావా? పోయిన మనిషి ఎటూ రాడు. కేసు ఐతే నిన్ను కాపాడేది ఎవురు?"

"ఎవురూ వద్దు సార్."

పద్మనాభయ్య ఇంకేదో అంటున్నాడు. ఆమె తలుపు తీసుకుని బయటికి నడిచింది.

గేటు దగ్గర పెంచలకృష్ణ భార్య చెంచులక్ష్మి నేల మీద కూర్చుని ఉంది. సెక్యూరిటీవాళ్లు అప్పటికే ఆమె చెవిన వేశారు. వచ్చేపోయేవాళ్లను ఆపి ఒకటే మాట అంటోంది.

"చెప్పకుండా దిగినాడంట. అట్టాంటి మనిషి కాదయ్యా. గట్టు దాటాలన్నా నాకు చెప్పి దాటేవాడు."

అందరూ తల వంచుకుని తప్పుకుపోతున్నారు.

కరుణాకుమారి ఆమె ముందుకు వెళ్లి ఆగింది. బురద కాళ్లతోనే కింద కూర్చోబోయింది. తోడుగా ఏడవడానికి వచ్చిందనుకుని చెంచులక్ష్మి కొంచెం జరిగి, పక్కన చోటిచ్చింది.