హతీజె ఆబ్లా ఇంటి తాళం

అన్నం వారుస్తూనే మీటింగులో "యెస్, ఐ అగ్రీ" అన్నాను. దేనికి ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలియదు. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మాది రెండు గదుల ఇల్లు. లాక్‌డౌన్ మొదలైన రోజే తలుపున్న గది మా ఆయన శశికాంత్‌కు ఆఫీసైపోయింది. నాకు మిగిలింది వంటింటి బల్ల, పొయ్యి, కీటా అనే పిల్లల బడి మూసేయడంతో ఇంట్లోనే ఉన్న నాలుగేళ్ళ మీనాక్షి. "నీదింకా ప్రొబేషనేగా సంయుక్తా" అంటాడు. ఎన్నేళ్ళో ఇంట్లో కూర్చున్నాక దొరికిన ఉద్యోగం అది. సోమవారం నా ప్రెజెంటేషన్ చూశాక ఉంచుకోవాలో వద్దో తేలుస్తామన్నారు.

ఎదురు ఫ్లాటు హతీజె ఆబ్లాది. ఆబ్లా అంటే వాళ్ళ భాషలో అక్క. ఆమెది బల్గేరియా కొండల్లో ఓ చిన్న ఊరు, దాదాపు అందరూ టర్కిష్ వాళ్ళే. తల్లికి బాగాలేదని వెళ్ళి, సరిహద్దులు మూసేస్తే అక్కడే చిక్కుకుపోయింది. మొక్కలకు నీళ్ళు పొయ్యమని నాకు తాళం ఇచ్చి వెళ్ళింది. తర్వాత వీడియో కాల్‌లో నా అవస్థ విని, "నా ఇంట్లో కూర్చుని పని చేసుకో" అంది. వీడియోలో ఆమె వెనక ఆడవాళ్ళు పొగాకు నారు నాటుతున్నారు. మగవాళ్ళేరని అడిగితే, "జర్మనీలో ఉన్నారుగా" అని నవ్వింది. మా కందుకూరు పొగాకు చేలల్లోనూ వంగిన నడుములు ఆడవాళ్ళవే. పాసుపుస్తకాల్లో పేర్లు మాత్రం మగవాళ్ళవి.

పాపను వెంటేసుకుని రోజూ అక్కడికి వెళ్ళసాగాను. "ఆ తురకల ఇంట్లో నీకేం పని" అన్న శశికాంత్, ఒకరోజు వచ్చి ఆ టేబుల్, ఆ నిశ్శబ్దం చూశాడు. ఆదివారం అన్నం తింటూ అన్నాడు: "రేపట్నుంచి నేనక్కడ కూచుంటా. నా కాల్స్‌లో క్లయింట్లుంటారు. నువ్వు పాపని చూసుకుంటా ఇక్కడ్నుంచే మాట్లాడెయ్. వంటకి కూడా దగ్గరగా ఉంటది." ఉప్పు అందుకున్నంత మామూలుగా తాళం కోసం చెయ్యి చాచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇవ్వలేదు, ఇవ్వనని కూడా అనలేకపోయాను.

ఆబ్లాకు ఫోన్ చేసి, తాళం ఆయనకు ఇవ్వనా వద్దా అని అడిగాను. ఆమె నా ప్రశ్నకు జవాబు చెప్పకుండా వాళ్ళమ్మ సంగతి చెప్పింది. "నా చిన్నప్పుడు ఒక చలికాలం పోలీసులొచ్చి, టర్కిష్ పేర్లు ఉండకూడదని సర్కారు ఆజ్ఞ అంటూ ఊరందరికీ బల్గేరియా పేర్లు పెట్టేశారు. మా అమ్మ తలుపు తియ్యలేదు. చివరికి విరగ్గొట్టి మార్చారు."

"మరి తియ్యకపోతే లాభమేంటి?"

"విరగ్గొట్టాల్సి వచ్చింది కదా. తనంతట తాను తియ్యలేదు."

సోమవారం పొద్దున పాపకు పాలు తాగించి, శశికాంత్ ఒళ్ళో కూర్చోబెట్టి, ఏదో అనబోతుంటే వినిపించుకోకుండా ఆబ్లా ఇంటికి వచ్చేశాను. లోపలినుంచి గడియ పెట్టుకున్నాను. లాప్‌టాప్‌లో ఒక్కొక్కరే చేరుతుండగా తలుపు మీద దబదబా చప్పుడు.

"తలుపు తియ్. పాప ఏడస్తా ఉంది. అవతల నా కాల్ ఉంది."

ఏడుస్తున్న మాట నిజమే. కుర్చీలోంచి సగం లేచాను కూడా. అమ్మ కావాలని ఏడుస్తున్న పిల్ల, వాళ్ళ నాన్న చంకలోనే ఉంది. దిక్కులేనిదేం కాదు.

కూర్చుని, మ్యూట్ తీసి, "గూటెన్ మోర్గెన్" అని అందరినీ పలకరించాను.