సుద్ద అంటిన అరచెయ్యి

రాగి పలకకు సిరా పట్టించి, గుడ్డతో తుడిచి, కుడి అరచేతికి సుద్దపొడి రాసుకున్నాడు ఫౌస్తినో. ఆ చెయ్యి పలక మీద తేలిగ్గా జారింది. చెక్కిన గీతల్లో సిరా నిలిచింది, మిగిలినది చేతికి వచ్చేసింది. మేకుకు గుచ్చిన పాత టెలిఫోన్ డైరెక్టరీ నుంచి ఒక కాగితం చింపి, చెయ్యి తుడుచుకుని, బల్ల కింద పడేశాడు. మెక్సికోలో, ఒహాకా ఊళ్లోని ఆ అచ్చుశాలలో ముప్పై ఆరేళ్లుగా ఇదే పని. పొట్టి మనిషి, వంగిన భుజాలు, గోళ్ల చుట్టూ ఏ సబ్బుకూ లొంగని నలుపు. ఇన్నేళ్లలో ఒక్క ప్రతి చెడగొట్టలేదు. అతని గురించి చెప్పుకోవడానికి అంతకు మించి ఏమీ లేదు.

పలక గ్రసియానా గారిది. ఆమె ఆకారం లేని బొమ్మలు వేస్తుంది. ఆలోచన అడ్డు రాకుండా, మనసు అడుగున ఉన్నది దానంతటదే బయటికి రావాలని కళ్లు మూసుకుని గీకుతుంది. రెండు నెలలు గీకింది. వచ్చింది ఆమెకే నచ్చలేదు. అయినా రేపటి ప్రదర్శనకు పదిహేను ప్రతులు కావాలి, పదిహేనూ ఒకేలా ఉండాలి. నాలుగోది అచ్చవుతుండగా ఆమె వంగి బల్ల కింది కాగితాలు ఏరింది.

“మేస్త్రీ, ఇవెవరు వేశారు?”

“ఎవరూ వెయ్యలేదమ్మా. చెయ్యి తుడుచుకున్నా.”

“అన్నిట్లోనూ ఒకటే వంపు! కింద నుంచి లేచి, ఎడమకి తిరిగి, చివర్లో చటుక్కున ఆగిపోతోంది. నేను కళ్లు మూసుకుని చస్తున్నది దీనికోసమే. ఏం తలుచుకుని తుడుస్తావు?”

“ఏమీ తలుచుకోనమ్మా. భోజనం గురించేమో.”

ఆమె నవ్వలేదు. ఫౌస్తినో కాగితాలు చూశాడు. నిజమే, ఒకటే వంపు. ఎక్కడిదిది? తను వేసిందా, తనకు తెలియకుండా ఇంకెవరైనా వేశారా? ఏమీ అర్థం కాలేదు.

మళ్లీ పలక తుడవబోతే చెయ్యి ఎటు పోవాలో తెలియలేదు. అయిదో ప్రతి మసకబారింది. ఆరోదానికి మూల తెల్లగా పోయింది. ఏడోది చూడబుద్ధి కాలేదు. ఈ చెయ్యి పోతే తన దగ్గర ఇంకేముంది? ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం భార్య నతివిదాద్ క్యారేజీ తెచ్చింది.

“ఏమయ్యా, కోడిని పిల్లి ఎత్తుకుపోయినట్టు ఆ మొహమేంటి?”

ఆమె చెయ్యి మణికట్టు దాకా తెల్లగా ఉంది.

“అదేంటే?”

“సున్నం. కొత్త మట్టి పెనం కొన్నానుగా. పూయకపోతే రొట్టె అంటుకుని చస్తుంది. తిను ముందు.” ఎలా పూసిందో గాలిలో చూపించింది. చెయ్యి కింద నుంచి లేచి, ఎడమకు తిరిగి, చటుక్కున ఆగింది.

“అక్కడ ఆపావేం?”

“అంచు తగిలితే చెయ్యి కాలదూ మరి! మగాళ్లకేం తెలుసు.”

ఫౌస్తినో నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. చిన్నప్పటిదేదో గుర్తొచ్చింది: ఎవరో తన చిన్న చెయ్యి పట్టుకుని వేడి పెనం మీద సున్నం పూయిస్తున్నారు. అమ్మా? అమ్మ పోయేటప్పటికి తనకు అయిదేళ్లు. పోనీ, పెంచిన పిన్నా? మొహం గుర్తు రాలేదు. చేతి మీద ఇంకో చేతి బరువు మాత్రం తెలిసింది.

“కాసేపు కూర్చుని ఏదో ఒకటి మాట్లాడు,” అన్నాడు.

“అది నన్ను అడగాలా?”

పక్కింటి వాళ్ల పుంజు సంగతి ఎత్తుకుంది. అతను వింటూ సుద్ద రాసుకున్నాడు. చెయ్యి దానంతటదే పోయింది. నాలుగు గంటలకు పదిహేను మంచి ప్రతులు తాడు మీద ఆరుతున్నాయి. అతను చివరిసారి చెయ్యి తుడుచుకున్న కాగితాన్ని గ్రసియానా బల్ల మీద పరిచి పెన్సిలు అందించింది.

“దీనిమీద సంతకం పెట్టు మేస్త్రీ.”

“నేను వెయ్యలేదు కదమ్మా,” అని నవ్వి, అచ్చు యంత్రం చక్రానికి ఆనుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

“ఆ పుంజు మన గోడెక్కి కూసిందంటే... వింటున్నావా? నీకు చెప్పడం నాదే బుద్ధి తక్కువ,” అంటూ నతివిదాద్ అతని భుజం తట్టింది. అతని తల ఒక పక్కకు వాలిపోయింది. అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు.

బల్ల మీది కాగితానికి సంతకం లేదు. డైరెక్టరీలో వరుసగా అచ్చయి ఉన్న పేర్ల మీదుగా లేచిన నల్లటి వంపు ఎడమకు తిరిగి, అంచుకు కాస్త ముందే ఆగింది.