నూనెచుక్క కింద సన్యాసమ్మ నెత్తురు

నేను ఒక మైక్రోస్కోపును. పుట్టింది అంబాలాలో. బొబ్బిలిలోని ఒక చిన్న ఆసుపత్రి ల్యాబులో, కిటికీ పక్కన, ముప్పై ఏళ్లుగా కాపురం ఉంటున్నాను. ఈమధ్య నా పక్కకు రక్తకణాలను లెక్కపెట్టే మిషన్ ఒకటి వచ్చింది. నిమిషంలో కాగితం కక్కుతుంది. అయినా ప్లేట్‌లెట్లు మరీ తక్కువని చెప్పిందంటే దాని మాట ఎవరూ నమ్మరు. "ఓసారి స్లైడు చూడమ్మా" అంటారు డాక్టర్ పట్నాయక్. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గర్వంగానే ఉంటుంది, దాచుకోను.

ముగ్గురు టెక్నీషియన్ల చేతుల్లో పనిచేశాను. మొదటాయన నా మీద శుభలేఖలు ఆనించేవాడు. రెండో ఆయన టీ గ్లాసు పెట్టేవాడు. మూడో మనిషి గౌరీశ్వరికి మాత్రం నా మర్యాద తెలుసు.

సన్యాసమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. చేతుల నిండా నీలిమచ్చలు, పళ్లు తోముకుంటే నెత్తురు. ఆమె నెత్తురు స్లైడు మీద నూనెచుక్క వేసి నాలోంచి చూస్తే, పది పదిహేను ప్లేట్‌లెట్లు కనబడాల్సిన చోట ఒక్కటి కనబడేది, ఒక్కోసారి అదీ లేదు. ఒంటికి కాపలా ఉండాల్సిన రక్షణ వ్యవస్థే వాటిని పరాయివనుకుని చంపేస్తోందని డాక్టరు చెప్పారు. స్టెరాయిడ్ మాత్రలకు ఆమె మొహం ఉబ్బింది గానీ లెక్క పెరగలేదు. ప్లేట్‌లెట్లు ఎక్కువగా నాశనమయ్యేది పొట్టలో ఎడమపక్కనుండే ప్లీహంలో కాబట్టి దాన్నే తీసేద్దామని, విశాఖలో ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేశారు. కోస్తే నెత్తురు ఆగుతుందో లేదోనని అందరికీ భయమే.

ఆపరేషన్‌కు ముందు పరీక్షకు రక్తం ఇవ్వడానికి సన్యాసమ్మ వచ్చింది.

"పొద్దున్న ఏం తిన్నావమ్మా?" అని గౌరీశ్వరి అడిగింది.

"ఏటీ తిన్నేదమ్మా. తింటే కడుపులో మంట. కాసింత సల్ల తాగీసి వచ్చినాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"పదేళ్లయి ఉంటాది."

"గ్యాస్ ఉందా అని డాక్టరు గారు అడిగారు కదా, చెప్పలేదా?"

"అడిగినారు. నేదు బాబూ, కట్టెల పొయ్యే అన్నాను."

గౌరీశ్వరి నవ్వలేదు. ఫైలు తీసి చూస్తే 'గ్యాస్: లేదు' అని ఉంది. పరుగున వెళ్లి చెప్పింది. డాక్టరూ నవ్వలేదు, ఆయనకు సిగ్గేసింది. వెంటనే మలపరీక్ష రాశారు. కడుపులో హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి బయటపడింది. దాన్ని పట్టుకున్నది నేను కాదు, అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ టెస్టు బిళ్ల. నాకు కాస్త కడుపుమంటే వేసింది.

"దాంతో పోరాడబోయి ఒళ్లు ప్లేట్‌లెట్లనూ కొడుతోందేమో. క్రిమి పోతే కొందరికి లెక్క పెరుగుతుంది, అందరికీ కాదు. చూద్దాం" అని డాక్టరు రెండు వారాలకు యాంటీబయాటిక్‌లు రాసి, ఆపరేషన్ వాయిదా వేయించారు.

నెలకు నాలుగు కనబడ్డాయి. రెండో నెలకు మిషన్ మంచి అంకె చెప్పింది. నన్ను అడగనక్కర్లేదు, అయినా గౌరీశ్వరి స్లైడు పెట్టింది. ఒకటికి రెండుసార్లు ఎంచింది. పన్నెండు. ఆపరేషన్ రద్దయింది.

"రా అమ్మా, నువ్వూ చూడు" అంది.

సన్యాసమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని, వంగి, చాలాసేపు చూసింది.

"ఇయి నాయేనా అమ్మా?"

"నీవే."

ముప్పై ఏళ్లలో వేలమంది నెత్తురు చూపించాను. తన నెత్తురును తాను చూసుకున్న మనిషి మాత్రం ఆమె ఒక్కతే.