రంగూన్ రేవులో ఒక బస్తా కొక్కెం

నేను ఒక ఇనుప కొక్కేన్ని. బస్తాలో గుచ్చి లాగడమే నా బతుకు, మెత్తగా మాట్లాడటం నాకు చేతకాదు. నా మొన మీద ఉన్నది తుప్పే అని మీరు అనుకుంటే మీ ఇష్టం.

కళింగపట్నం దగ్గర ఒక కమ్మరి నన్ను కాల్చి, వంచి, నీళ్లలో ముంచాడు. పైడయ్య అనే కూలీ నన్ను కొన్నాడు. కర్ర పిడికి ఎర్రదారం చుట్టి, తనతో ఓడెక్కించి రంగూన్ తీసుకుపోయాడు. దిగీ దిగగానే రేవులో తలకింత అని ఆసుపత్రి పన్ను గుంజారు. ఊరికి పోయి తిరిగొచ్చిన ప్రతిసారీ అది కట్టాల్సిందే. జ్వరమొస్తే మాత్రం పైడయ్యకు మిరియాల కషాయమే దిక్కు. ఆసుపత్రి గడప ఏనాడూ తొక్కలేదు.

పగలంతా మేమిద్దరం బియ్యం బస్తాలు ఓడలకెక్కించేవాళ్లం. బస్తా ఓడెక్కితే సర్కారుకు సుంకం ముట్టేది. టీ కొట్లలో పెద్దమనుషులేమో, "ఈ కోరంగీలొచ్చి మన ఆసుపత్రులు తినేస్తున్నారు" అని పళ్లు కొరికేవాళ్లు. తెలుగు కూలీలను అక్కడ కోరంగీలనేవాళ్లు లెండి. ఆసుపత్రిని ఎలా తింటారో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

రేవులో ఒక కట్టుబాటు ఉండేది. సాయంత్రం గేటు దాటేముందు కొక్కేలన్నీ లోపలి దూలానికి తగిలించి పోవాలి. వీధిలో కొక్కెం కనబడితే దొరలకు భయం. పొద్దున ఎవరిది వాళ్లే తీసుకోవాలి, ఒకడిది ఇంకొకడు ముట్టుకుంటే కొట్లాటే. దసరాకు పైడయ్య నాకు బొట్టు పెట్టి కోడిని కోసేవాడు.

ఒక వేసవిలో కూలి పెంచమని మనవాళ్లు పని మానేశారు. కంపెనీవాళ్లు బర్మా మనుషుల్ని తెచ్చి, దూలానికున్న మా కొక్కేలన్నిటినీ వాళ్ల చేతుల్లో పెట్టారు. నేను మంగ్ టిన్ అనేవాడి పాలబడ్డాను. పొలం పోగొట్టుకుని పట్నం చేరిన రైతు. అరచేతుల్లో బొబ్బలు పగిలి నా పిడి తడిసేది. వాడూ పన్ను కట్టేవాడే, వాడి ఆకలికీ సర్కారు గింజ విదిల్చలేదు. వాడి మీద నాకు అప్పుడు కోపం లేదు, ఇప్పుడూ లేదు.

కొన్నాళ్లకు బేరం కుదిరింది. కంపెనీవాళ్లు మనవాళ్లను పనికి రమ్మన్నారు. బర్మావాళ్లకు రావద్దని చెప్పడం మాత్రం మరిచిపోయారు.

పొద్దున్నే వాళ్లు లోపల, మనవాళ్లు గేటు బయట. మనవాళ్లలో ఎవడో ఎగతాళిగా ఈల వేశాడు. అంతే, లోపలివాళ్లు గేటు దాటి విరుచుకుపడ్డారు. ఇనుప కడ్డీ తగిలి ఒకడి దవడ పగిలింది, పళ్లు నేల రాలాయి. ఇంకొకణ్ణి నలుగురు పట్టుకుని తల చితికేదాకా గోడకేసి కొట్టారు. ఈతరాని మనిషిని నదిలోకి తోసి, పైకి తేలినప్పుడల్లా గెడతో ముంచారు. మనవాళ్ల చేతులు ఖాళీ. వాళ్ల కొక్కేలన్నీ అవతలివాళ్ల చేతుల్లో ఉన్నాయి.

పైడయ్య పారిపోవచ్చు. బావమరిది, గురువులు అనేవాడు, రెక్క పట్టుకుని లాగుతున్నాడు కూడా. కానీ మంగ్ టిన్ చేతిలో ఎర్రదారం కనబడింది. అంత నెత్తుటి మధ్య నేరుగా నడిచొచ్చి చెయ్యి చాచాడు, పిచ్చి మారాజు.

"అది నాది. ఇటియ్యి."

మంగ్ టిన్‌కు ఆ భాష రాదు. తన మీదికి వస్తున్న చెయ్యే కనబడింది. నన్ను పైడయ్య పక్కటెముకల కింద దించి, అలవాటు కొద్దీ బస్తాను లాగినట్టు ఒక్క లాగు లాగాడు. పైడయ్య కూలబడ్డాడు. నేను లోపలే ఉండిపోయాను. ఆ వెచ్చదనం తలుచుకుంటే నాకు ఏడుపొస్తుంది.

నన్ను పీకితే నెత్తురు ఆగదని గురువులు అలాగే భుజానికెత్తుకుని పరిగెత్తాడు. రేవు ఆసుపత్రి గేటు మూసి ఉంది. బయట గాయపడ్డవాళ్లు వరసగా పడి ఉన్నారు. లోపల గుమస్తా, వాడూ మద్రాసు నుంచి ఓడెక్కి వచ్చినవాడే, ఊచల వెనక నిలబడ్డాడు.

"మంచాలు లేవయ్యా. ఊరివాళ్ల పన్నుతో నడిచే ఆసుపత్రి ఇది. రేవు కూలీలంతా వచ్చిపడితే ఊరివాళ్లు ఏమైపోవాలి?"

"బాబూ, ఓడ దిగినప్పుడల్లా ఆసుపత్రి పన్నని మా కాడ ఒలుచుకున్నారు కదేటి! మా బావ ఒక్కనాడైనా మీ మందుసుక్క తాగినాడేటి?"

"అది నాకు తెలీదు. సర్కారును అడుగు."

గురువులు తలతో ఊచల్ని మోదాడు. నుదురు చిట్లి నెత్తురు కళ్లలోకి కారినా ఆపలేదు. పైడయ్యకు ఇంకా తెలివి ఉంది. నా పిడి మీద చెయ్యి వేశాడు.

"ఒరే గురువులూ, కొక్కెం పోగొట్టకు. రేపు పన్లోకి పోవాల."

ఎండ నడినెత్తికి వచ్చాక మందుల బండి కోసం గేటు తెరిచారు. గురువులు గుమస్తాను ఒక్క గుద్దుతో పడేసి బావను లోపలికి ఈడ్చుకుపోయాడు. డాక్టరు మంచివాడే. గచ్చు మీదే మోకాళ్లూని నన్ను బయటికి తీశాడు. అప్పటికే పైడయ్య ఒళ్లు చల్లబడుతోంది.

"ఇంకాస్త ముందు తీసుకురావలసింది" అన్నాడు డాక్టరు.

"తెచ్చినాం బాబూ. గుమ్మంలోనే ఉన్నాం" అన్నాడు గురువులు.

గురువులు ఆ వారమే ఓడెక్కి పారిపోయాడు. నన్ను కడిగి, ఆసుపత్రిలోనే దిక్కులేని సామాన్ల గదిలో పడేశారు. ఎవరూ అడగడానికి రాలేదు. ఏడాది చివర ఆ సామాన్లన్నీ వేలం వేస్తే పాత ఇనుము కొనేవాడొకడు నన్ను పాడుకున్నాడు. ఇప్పుడు వాడి కొట్లోనే, కొలిమి వంతు కోసం చూస్తున్నాను.

నాకు పలికిన ధర ఎంతో గుర్తులేదు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో మాత్రం విన్నాను. ఆ గుమస్తానే వేలం పద్దు గట్టిగా చదివి, ఆసుపత్రి ఖాతాలో జమ కట్టాడు.